ఆరో ప్రశ్న

"ఇది ఎవల రాతే వొదినా?"

సాయిదుర్గ ఆ జెరాక్సు కాగితాన్ని గోడ మీద క్యాలెండరు పక్కన పెట్టి అరచేత్తో అదిమి పట్టుకుంది. క్యాలెండరులో సూర్యకళ డ్యూటీ రోజులకి పెట్టుకున్న టిక్కులున్నాయి. కాగితంలో ఆరు ప్రశ్నలకి ఎదురుగా ఆరు టిక్కులున్నాయి. అన్నిటికీ ఒకటే పొడుగు తోక. చదువు రానివాళ్ళకి కూడా అవి ఒక చేతివేనని తెలిసిపోతుంది.

పొద్దున్న ఆరయింది. తెల్లచీర కొంగుకి పిన్ను పెట్టుకుంటున్న సూర్యకళ చెయ్యి ఆగింది.

"నాదే," అంది.

"మాయమ్మ సెయ్యి ఉబ్బిపోతంటే 'చాలా బాగుంది' అని టిక్కెట్టీసినావా? ఒకసారి కాదు, ఆరుసార్లు!"

"అందరివీ అలగే పెడతాం దుర్గా. ఇంటికెల్లిపోయే హడావిడిలో ఎవరూ..."

"అందరి సంగతీ నాకొద్దు. మాయమ్మని అడిగినావా, నేదా?"

"అడగనేదు."

నిజానికి ఈ గొడవ కొత్తది కాదు. పదకొండు రోజుల కిందట సూర్యకళ భర్త గణేష్ ఆ కాగితాన్ని, ఆమె నర్సుగా పనిచేసే ఆస్పత్రి నుంచి తెచ్చాడు. తల్లికి జరిగింది అన్యాయమని అడగడానికి వెళ్తే, "మీ అమ్మగారే అంతా బాగుందని వేలిముద్ర వేసిచ్చారు కదా" అని మేనేజరు అర్జునరావు కాపీ తీసి చేతిలో పెట్టాడట. గణేష్ దాన్ని క్యాలెండరు దగ్గర పెట్టి చూసుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పూట నుంచి భార్యతో మాట్లాడలేదు. ఇప్పుడు యారాడ నుంచి చెల్లెలొచ్చి, అన్న మింగేసిన మాటలన్నీ బయటికి తీస్తోంది.

మాట్లాడకుండా ఉండడానికి ఆ ఇల్లు ఏమంత పెద్దది కాదు. హార్బరు వెనక కాలనీలో రెండు గదులు, ఒక వసారా. మామూలు రోజుల్లో అయితే గణేష్ బోటెక్కి వారం పది రోజులు సముద్రం మీదే ఉండేవాడు. ఇది మే నెల, వేట నిషేధం. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి, మగవాళ్ళంతా ఇళ్ళలో ఉన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే గడప దాటుతూ, ఒకే చెంబు నీళ్ళు తాగుతూ, మొహాలు చూసుకోకుండా తిరగాలంటే అదో పెద్ద చాకిరీ.

"అన్నా, నువ్వయినా మాటాడు!" అంది సాయిదుర్గ.

గణేష్ వసారాలో వల పరుచుకుని, కాలి బొటనవేలికి తగిలించి, చిరుగులు అల్లుతున్నాడు. తలెత్తలేదు. వలతో చెప్పినట్టే చెప్పాడు.

"ఆస్పత్రోల్లు సోమారం మీటింగని పిలిసినారు. నాకు డబ్బొద్దు, దస్కమొద్దు. అమ్మ సెప్పిందంట, సెయ్యి మండతందని. సెప్తే ఆ సిస్టరు ఇనిపించుకోనేదంట. ఆ సిస్టరు పేరు కావాల నాకు. ఆవిడ నా ఎదర నిలబడి, అవును నాను ఇన్లేదు అని ఒక్క మాటనాల. అంతే."

"ఎవులో అమ్మని అడగరాదా?"

"అడగనేదనుకుంతన్నావా? పేరు అడిగితే సాలు, గోడకేసి తిరిగిపోతంది."

లోపలి గదిలో చిట్టమ్మ అప్పుడు కూడా గోడకేసి తిరిగే పడుకుంది. కుడిచెయ్యి పక్కన తలగడ మీద ఉంది. ఫిబ్రవరిలో జ్వరం, వాంతులని ఆ ఆస్పత్రిలోనే చేర్చారు. మూడు రోజులు సెలైను పెట్టారు. మందు నరంలోకి వెళ్ళకుండా చర్మం కిందకి దిగిపోయింది. ఇంటికొచ్చాక మణికట్టు మీద నల్లబడి, పుండై, చివరికి పెద్దాసుపత్రిలో కోసి తొడ మీది చర్మం తీసి అతికారు. చెయ్యి మిగిలింది గానీ నడిమి వేలూ ఉంగరం వేలూ వంగడం మానేశాయి.

"మాయమ్మ బయపడతంది," అంది సాయిదుర్గ. "ఇంట్లో ఉన్నోలని సూసే బయపడతంది. రేపు ఆదివారం అమ్మని యారాడ తీసుకుపోతాను. వొదినా, నువ్వు సోమారం మీటింగులో 'అడక్కండా నానే టిక్కెట్టినాను' అని నోరిప్పి సెప్పు. సెప్పినావా, ఈ ఇంట్లో ఉండు. నేదంటే..."

నేదంటే ఏమిటో చెప్పలేదు. గణేష్ చెల్లెల్ని 'నోర్ముయ్' అంటాడేమోనని సూర్యకళ ఒక్క క్షణం చూసింది. అతను వలలో ఇంకో ముడి వేసుకున్నాడు.

ఆమె చెప్పులేసుకుని బస్సుకి బయల్దేరింది. తనకిక వెళ్ళడానికి ఇంకో ఇల్లు లేదన్న సంగతి ఆమెకి ఆ రోజు కాలనీ మలుపు దగ్గర గుర్తొచ్చింది. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి తుపానులో పోయాడు. చిట్టమ్మ ఆమెకి అత్తగారు మాత్రమే కాదు, సొంత మేనత్త. చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగి తమ్ముడి కూతుర్ని నర్సింగ్ చదివించింది. కొడుక్కిచ్చి చేసుకుంది. పుట్టిల్లూ అత్తిల్లూ ఒక్కటే అయితే అలిగినప్పుడు వెళ్ళడానికి చోటుండదు.

*

వారిజా ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఎదురుగా ఒక బోర్డు కనిపిస్తుంది. 'మా రోగుల సంతృప్తి తొంభై ఎనిమిది శాతం.' దాని చుట్టూ చిన్న బల్బులు కూడా పెట్టారు. ఆ తొంభై ఎనిమిదిలో సూర్యకళ పెన్ను సిరా ఎంతుందో ఆమెకే తెలుసు.

రెండేళ్ళ కిందట మొదలైంది ఆ వేడుక. ఏదో పెద్ద సర్టిఫికెట్ కోసం బయటినుంచి తనిఖీకి వస్తారని, రోగుల అభిప్రాయాలు ఫైళ్ళకెక్కాలని, గులాబీ రంగు కాగితాలు అచ్చు వేయించారు. ఒక్కో కాగితంలో ఆరు ప్రశ్నలు. ఇంటికి పంపేముందు ప్రతి రోగి చేతా నింపించాలి. వచ్చేవాళ్ళలో సగం మందికి చదువు రాదు, చదువొచ్చిన సగానికి బస్సు టైమైపోతుంటుంది. అందుకని సిస్టర్లే టిక్కులు పెట్టేసి, సంతకమో వేలిముద్రో తీసుకునేవారు. అదొక అలవాటైపోయింది. ఎవరికీ తప్పనిపించలేదు. చిట్టమ్మ కాగితం కూడా కౌంటరు మీద ఇంకో మూడిటితో కలిపి ఒక్క ఊపున పూర్తయిపోయింది. "ఏటే అది?" అని అడిగింది చిట్టమ్మ. "ఏం నేదత్తా, ఇంటికి పంపించే కాగితం," అంది సూర్యకళ. చిట్టమ్మ బొటనవేలు చాపింది.

ఇంట్లో గొడవైన ఈ శనివారం పైవార్డులో ఎనిమిదో మంచం మీద పోతమ్మ అనే ముసలామె ఉంది. సూర్యకళ టెంపరేచరు రాసుకుంటూ వెళ్తుంటే పిలిచింది.

"సెయ్యి మండతంది తల్లీ."

"సెలైనంటే ఆ మాత్రం మంట ఉంటుంది. కదపకండి."

అనేసి రెండడుగులు వేసింది. ఆగిపోయింది. ఆ మాట ఎవరు పలికారో అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. రోజుకి ఎన్నిసార్లు అంటుందో ఆ మాట! అనేముందు ఒక్కసారైనా ఆ చెయ్యి చూస్తుందా? వెనక్కి వెళ్ళి ప్లాస్టరు పక్కన వేలితో నొక్కి చూసింది. మెత్తగా ఉబ్బి, చల్లగా తగిలింది. సూది తీసేసి రెండో చేతికి పెట్టింది.

"సల్లగా ఉన్నాది తల్లీ, ఇప్పుడు బాగున్నాది," అంది పోతమ్మ.

 బాగుందని ఎవరైనా తనంతట తాను చెప్తే ఎలా ఉంటుందో సూర్యకళ మర్చిపోయి చాలా కాలమైంది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటే చుట్టూ బల్లలు ఖాళీ అయిపోయాయి. సోమవారం చిట్టమ్మ చెయ్యి మీద విచారణ అని తెలిసినప్పటి నుంచీ తోటి సిస్టర్లు ఆమె కూర్చున్న వైపు రావడం లేదు. వాళ్ళని అనడానికేముంది, అందరి పెన్నుల్లోనూ అదే సిరా. హెడ్ సిస్టరు దేవిశ్రీ ఒక్కతే వచ్చి ఎదురుగా కూర్చుంది. పద్మనాభం నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే మనిషి. అన్నం కలుపుతూ కలుపుతూనే కునుకు తీస్తుంది.

"అర్జునరావుగారు ఇది నీకిమ్మన్నారు," అని ఒక గులాబీ కాగితం బల్ల మీద పెట్టింది. ఖాళీది.

"ఎందుకు సిస్టర్?"

"మీ అత్తగారి చేత ఇంకోసారి వేలిముద్ర వేయించు. మొదటిది నా ఇష్టంతోనే వేశాను, సిబ్బంది మీద నాకే ఫిర్యాదూ లేదని కింద రాయి. సోమవారం పొద్దున్నకి తెచ్చిస్తే నీ ఉద్యోగానికి ఢోకా ఉండదట. లేకపోతే, అడక్కుండా రాసింది సూర్యకళ ఒక్కతే, మాకేం తెలీదు అని చెప్తారు. ఆ మాట మీద నీకు ఇంకే ఆస్పత్రిలోనూ పని దొరకదు."

"నేనొక్కదాన్నేనా రాసింది?"

"కాదు. నాకు తెలీదేటి?" దేవిశ్రీ ముద్ద నోట్లో పెట్టుకోకుండా పట్టుకుంది. "మొదట్లో నేను అడిగి రాసేదాన్ని సూర్యా. ఒకామె బాత్రూములో నీళ్ళు రావట్లేదని చెప్పింది. ఉన్నదున్నట్టు రాశాను. మర్నాడు పైకి పిలిచారు. నీళ్ళెందుకు రావట్లేదని అడుగుతారనుకుని ప్లంబరు పేరు కూడా కనుక్కుని వెళ్ళాను. ఈ కాగితం ఎవరు రాశారు, అని అడిగారు. అంతే. ఆ రోజు నుంచి నేనూ టిక్కులే."

"నీళ్ళు వచ్చాయా?"

"నాలుగు నెలలకి వచ్చాయి. ఆ గదిలో డాక్టరుగారి బంధువు చేరినప్పుడు."

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ ఎవరూ నవ్వలేదు.

"మా అత్త వేస్తుందంటారా?" అని అడిగింది సూర్యకళ.

"నీ కోసం వేస్తుంది. నిన్ను చదివించిన మనిషి," అంది దేవిశ్రీ. లేచి క్యారేజీ కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

*

నాలుగు గంటలకి ఇంటికొచ్చేసరికి వసారాలో వల ఒక్కటే ఉంది. బోటుకి అడుగున రంగు వేయిస్తున్నారని గణేష్ జెట్టీకి వెళ్ళాడు. సాయిదుర్గ పూర్ణామార్కెట్ వైపు వెళ్ళిందని పక్కింటామె చెప్పింది. లోపల చిట్టమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. నాలుగింటికి కోడలొస్తుందని ఆమెకి తెలుసు. ఎదురుచూస్తున్నట్టు కనబడకూడదని కిటికీ వైపు చూస్తోంది.

పెద్దాసుపత్రి డాక్టరు చెప్పినట్టు రోజూ ఆ వేళకి కొబ్బరినూనె రాసి, బిగుసుకున్న వేళ్ళు ఒక్కోటీ ఇరవైసార్లు వంచాలి. ఇంట్లో ఎన్ని గొడవలైనా ఆ పని ఆగలేదు. పదకొండు రోజుల కిందటి దాకా సూర్యకళ పైకి లెక్కపెట్టేది. "నొప్పేస్తే సెప్పత్తా" అనేది. చిట్టమ్మ "పద్నాలుగు కాదే, పదమూడే అయినాయి, దొంగలెక్క" అనేది. ఆ కాగితం ఇంటికొచ్చిన రోజు నుంచి చిట్టమ్మ కూడా ఆమెతో మాట్లాడడం మానేసింది. ఇప్పుడు లెక్క మనసులోనే. నొప్పి ఎక్కడ మొదలవుతుందో చెప్పే మనిషి లేక, ఎంతవరకు వంచాలో సూర్యకళకి తెలియడం లేదు.

నూనె గిన్నె తెచ్చుకుని కింద కూర్చుంది. నడిమి వేలు పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదోసారి కొంచెం గట్టిగా వంచింది. పదోసారి ఇంకొంచెం. చిట్టమ్మ మొహం కిటికీ వైపే ఉంది. పన్నెండోసారికి సూర్యకళ ముంజేతి మీద ఒక నీటిబొట్టు పడింది.

తలెత్తి చూసింది. చిట్టమ్మ కళ్ళ నిండా నీళ్ళు.

"నొప్పేత్తంటే సెప్పొచ్చు కదా అత్తా! నాకెలగ తెలుత్తాది?"

చిట్టమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

సూర్యకళకి కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఈవిడేనా మాట్లాడకుండా కూర్చున్నది! హార్బరులో ముప్పై ఏళ్ళు చేపల వేలంపాటలో నిలబడిన మనిషి. గుట్టలోంచి ఒక చేప లాగి, మొప్ప ఎత్తి చూసి, అది ఎర్రగా లేకపోతే అందరిముందూ గుట్ట మీదకి విసిరేసేది. "ఇది నిన్నటి సేప! ఐసులో మోసం సేసినావు!" అని బోటు యజమాని మొహం మీదే అరిచేది. వాళ్ళు తిట్టుకునేవారు. కానీ చిట్టమ్మ తిట్టిన బోటు మరుసటి వేటకి రెండు దిమ్మలు ఐసు ఎక్కువేసుకుని వెళ్ళేదని హార్బరంతా చెప్పుకునేవారు. మొప్ప ఎత్తడానికి కావలసిన ఆ రెండు వేళ్ళే ఇప్పుడు వంగడం లేదు.

చెయ్యి తుడిచి, సూర్యకళ సంచీలోంచి గులాబీ కాగితం తీసింది. స్టాంపు ప్యాడు తీసి పక్కన పెట్టింది. ఏమని అడగాలో బస్సులో అంతా అనుకుంటూనే వచ్చింది. కాగితాన్ని మంచం మీదకి జరిపింది, అంతే.

చిట్టమ్మ కాగితం వైపు చూసింది. ఆ రంగు ఆమె గుర్తుపట్టింది. ఏమీ అడగకుండా కుడిచెయ్యి చాపి, బొటనవేలు స్టాంపు ప్యాడు మీద అద్దింది.

"ఎక్కడెయ్యాలే?"

పదకొండు రోజుల తర్వాత అత్త నోట వచ్చిన మొదటి మాట అది.

దేవిశ్రీ చెప్పినట్టే జరిగింది. ఇంకొక్క క్షణంలో ఉద్యోగం దక్కేది. నల్లసిరా అంటిన ఆ బొటనవేలు కాగితానికి బెత్తెడు దూరంలో ఆగి ఉంది, ఎక్కడంటే అక్కడ వేయడానికి. అందులో ఏముందో అడగదు. ఫిబ్రవరిలో ఒక్కసారి అడిగితే తను సరిగ్గా చెప్పలేదు. సూర్యకళకి సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత సిగ్గెయ్యలేదు. తన తెల్లచీర కొంగుతోనే ఆ వేలు తుడిచేసింది.

"వొద్దత్తా. ముందు అడుగుతాను. అడిగి, నువ్వు సెప్పిందే రాత్తాను."

"ఏటి అడుగుతావు?"

"ఇందులో ఆరున్నాయి. ఒకటి. గది సుబ్బరంగా ఉన్నాదా?"

చిట్టమ్మ కోడలి మొహం చూసింది. ఎగతాళి కాదని తెలుసుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"తుడిసినారు," అంది నెమ్మదిగా. "మంచం కింద తుడవనేదు. ఎవులిదో నెత్తురు దూది మూడ్రోజులూ అక్కడే ఉన్నాది. నాను పడుకుని దాన్నే సూసినాను."

సూర్యకళ రాసింది. టిక్కు పెట్టే గడి పక్కన చోటు సరిపోక అంచు దాకా రాసింది.

"రెండు. కూడు?"

"పప్పులో ఉప్పు నేదు. జొరమొచ్చినోలికి ఉప్పు తింటే పాపమేటి?"

"మూడు. డాక్టరు టయానికి వొచ్చినాడా?"

"వొచ్చినాడు. వొచ్చి కాగితం సూసినాడు, నా ముకం సూడనేదు. రేపు నన్ను హార్బర్లో సూత్తే గుర్తట్టడు." చిట్టమ్మ గొంతులో పాత వేలంపాట గొంతు కొంచెం కొంచెం లేస్తోంది. "కాలికి తెల్లజోడు మాత్తరం బాగున్నాది. అది కూడా రాయి."

సూర్యకళ నవ్వుతూ రాసింది. నాలుగూ అయిదూ కూడా అలాగే అయిపోయాయి. మందులెందుకో చెప్పలేదు, అడిగితే 'నీకు తెలీదులే' అన్నారు. ఇంటికి పంపడానికి అయిదు గంటలు కూర్చోబెట్టారు. చెప్తూ చెప్తూ చిట్టమ్మ గోడ మర్చిపోయింది, కిటికీ మర్చిపోయింది. మంచం అంచుకి జరిగి, కోడలు రాస్తున్న అక్షరాల మీదకి వంగి చూస్తోంది. ఇంత సులువా ఇది, అనుకుంది సూర్యకళ. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగందే అమ్మ చెప్పదు కూడా. ఫిబ్రవరిలో ఆ కౌంటరు దగ్గర పది నిమిషాలు అడిగి ఉంటే, ఆ దూది సంగతి వచ్చేది, ఉప్పు సంగతి వచ్చేది, చెయ్యి సంగతి కూడా వచ్చేది. ఇంటికి పంపకుండా ఆపేవారు.

"ఆరు," అని చదివింది. "మీ బాధ చెప్పుకున్నప్పుడు సిబ్బంది శ్రద్ధగా విన్నారా? వినకపోతే ఎవరో, ఎప్పుడో రాయండి."

చిట్టమ్మ వెనక్కి జరిగింది.

"అది వొదిలీ."

"అదే ముక్క్యమత్తా. బావ అడుగుతన్నది అదే కదా."

"అయిదు రాసినావు కదా, సాలు. ఆరోది వొద్దు."

"ఎవరత్తా? సాయంత్రం డ్యూటీ సిస్టరా? కల్లజోడున్న ఆవిడా?"

"ఆవిడ మంచిదే. ఆవిడకి నాను సెప్పనేదు."

"మరి ఎవరికి సెప్పినావు? హార్బర్లో బోటోల్లనే కడిగీసేదానివి, ఇక్కడెందుకు నోరు మూసుకున్నావు? ఎవరికి బయపడతన్నావు?"

"బయమేటి!" చిట్టమ్మ గొంతు పెరిగి, వెంటనే తగ్గింది. "సెప్తే ఏటవుద్ది? ఆ రోజు సెప్తే ఏటయింది? రాయకే తల్లీ. రాత్తే అందులో నీ పేరే ఉంతది."

సూర్యకళకి అర్థం కాలేదు. టిక్కుల గురించి అంటోందనుకుంది.

"టిక్కులు నానే పెట్టినాను, అందరికీ తెలుసు కదత్తా..."

"టిక్కులు కాదు." చిట్టమ్మ ఇప్పుడు కిటికీ వైపు చూడలేదు. కోడలి కళ్ళలోకే చూసింది. "మూడో రోజు, మజ్జానం. నువ్వు పై నుండి దిగొచ్చినావు. సేతిలో ఏవో కాగితాలున్నాయి. నాను నీ కొంగట్టుకుని, సెయ్యి మండతందే, ఒకపాలి సూడే అన్నాను. నువ్వు ఆగినావు. ఇలగ బుజం మీద తట్టి, 'సెలైనంటే ఆ మాత్తరం మంట ఉంతది, కదపకు' అనీసి ఎల్లిపోనావు. నా కోడలు సదువుకున్నాది, దానికి తెలీదేటనుకున్నాను. ఇంకెవులికీ సెప్పనేదు."

గదిలో కొబ్బరినూనె వాసన. బయట ఎక్కడో బోటు చెక్క మీద సుత్తి దెబ్బలు. సూర్యకళ ఆ మధ్యాహ్నాన్ని వెతుక్కుంది. ఎంత వెతికినా దొరకలేదు. మండుతోందన్న గొంతులు వందలున్నాయి, తను అన్న మాట ఒకటే ఉంది. అందులో తన అత్త గొంతు ఏదో గుర్తుపట్టలేకపోయింది. గుర్తుంటే ఏడ్చేది. గుర్తే లేకపోవడం చూసి భయమేసింది.

"అందుకా అత్తా, నాతో మాటాడనేదు?" అంది.

"నోరిప్పితే జారిపోతాదేమోనని. ఆడు పేరు పేరని తిరుగుతన్నాడు. ఆడికి తెలిత్తే నిన్ను ఉండనిత్తాడా?" చిట్టమ్మ బాగున్న ఎడమచేత్తో కోడలి తల నిమిరింది. "నువ్వు కోపమనుకున్నావేటే? నాకు కోపమైతే ఊరుకునేదాన్నా?"

పదకొండు రోజులు ఒకరికొకరు ఎదురుగా కూర్చుని, ఆ మౌనాన్ని ఒకరు శిక్షనుకున్నారు, ఒకరు కాపలా అనుకున్నారు. ఒక్క మాట అడిగేవాళ్ళు లేక ఇద్దరూ ఒంటరిగానే ఉన్నారు. సూర్యకళ అత్త ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చింది.

ఏడ్చి, లేచి, పెన్ను తీసుకుంది.

"వొద్దే," అంది చిట్టమ్మ.

ఆరో ప్రశ్న కింద రెండు ఖాళీ గీతలున్నాయి. మొదటి గీత మీద తేదీ రాసింది, మధ్యాహ్నం అని రాసింది. రెండో గీత మీద తన పేరు పూర్తిగా రాసింది, డ్యూటీ రిజిస్టర్లో రాసినట్టు, ఇంటి పేరుతో సహా.

"ఏటి రాత్తన్నారు?"

గణేష్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతులకి బోటు రంగు, నీలం. తల్లి మొహం గోడ వైపు కాకుండా ఇటు ఉండడం చూశాడు. భార్య చీరకొంగు మీద నల్లసిరా మరక చూశాడు. మంచం మీద గులాబీ కాగితం చూశాడు.

చిట్టమ్మ కుడిచెయ్యి చటుక్కున కాగితం మీద పడింది. "ఏటీ నేదురా. ఇంటికి పంపించే కాగితం."

అచ్చం ఫిబ్రవరిలో సూర్యకళ అన్న మాటే. 

"మల్లీ టిక్కులేనా?" అన్నాడు గణేష్. ఈసారి వలతో కాదు, ఆమెతోనే అన్నాడు.

"కాదు బావా. అడిగి రాసినాను."

"అడిగినావా?" అతను తల్లి వైపు చూశాడు. "సెప్పిందా?"

"సెప్పింది."

"పేరు?"

"అది కూడా."

గణేష్ లోపలికొచ్చాడు. స్టూలు లాక్కుని, ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. అతని మొహంలో ఎన్నాళ్ళగానో లేని తెరపి కనిపించింది. ఇక ఆ సిస్టరు సంగతి తేల్చుకోవచ్చు. భార్య చివరికి తనవైపే నిలబడిందని అతను అనుకుంటున్నాడు. ఆ సంగతి ఆమెకి అతని కళ్ళలోనే తెలుస్తోంది.

"సదువు," అన్నాడు. "మొదటి నుండి సదువు. నాను ఇంతన్నాను."

సూర్యకళ కాగితం మీదున్న అత్త చేతిని రెండు చేతులతో పట్టుకుంది. వంగని ఆ రెండు వేళ్ళనీ నొప్పి తగలకుండా మెల్లిగా ఎత్తి పక్కన పెట్టింది. చిట్టమ్మ కళ్ళు మూసుకుంది.

ఒకటి చదివింది. రెండు చదివింది. ఉప్పు దగ్గర గణేష్ కొంచెం నవ్వాడు కూడా. అయిదూ అయిపోయాయి.

"ఆరో ప్రశ్న," అంది. అక్కడ ఆగి, కాగితాన్ని దగ్గరగా పట్టుకుంది.

గణేష్ కొంచెం ముందుకి వంగాడు, ఒక్క మాట కూడా పోకుండా వినడానికి.

ఆమె మళ్ళీ మొదలుపెట్టింది.